వెన్ను నీటిని జీనోమ్ సీక్వెన్సింగ్‌కి పంపేముందు చూసుకోవలసినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారికి 61 ఏళ్లు, మదనపల్లె దగ్గర పల్లె, పొలం పని, ఇంట్లో ఆవులూ గొర్రెలూ ఉన్నాయి. మూడు వారాలుగా జ్వరం, తలనొప్పి. నాలుగు రోజులుగా మగత. బెంగళూరులో చేర్చారు. వెన్నులోంచి తీసిన నీటిలో (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) కణాలు మైక్రోలీటరుకి 200, ఎక్కువ భాగం లింఫోసైట్లు (ఒక రకం తెల్ల కణాలు). ప్రోటీన్ 160, షుగర్ 34. కల్చర్‌లో (నమూనా నుంచి క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదు. డాక్టర్‌గారు మెటాజీనోమిక్ సీక్వెన్సింగ్‌కి (నమూనాలో ఉన్న డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అంతా చదివే పరీక్ష) పంపుదాం, ఏ క్రిమైనా దొరుకుతుంది అన్నారు. అది పంపితే మిగతా టెస్టులు మానేయవచ్చా, నెగటివ్ వస్తే ఇన్ఫెక్షన్ లేనట్టేనా అన్నవి మీ సందేహాలు.

మానేయకూడదు. నెగటివ్ వస్తే లేనట్టూ కాదు. అలాగని టెస్టు పనికిరానిదీ కాదు. 2014లో అమెరికాలో 14 ఏళ్ల అబ్బాయికి మెదడువాపు వచ్చి, ఎన్ని పరీక్షలు చేసినా కారణం తేలనప్పుడు, వెన్ను నీటిలో చదివిన సుమారు 30 లక్షల రీడ్స్‌లో (మెషిన్ చదివే చిన్న చిన్న ముక్కలు) 475 లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియావని తేలింది. పెన్సిలిన్‌తో కోలుకున్నాడు. ఈ రంగానికి పేరు తెచ్చిన కేసు అదే. కానీ "ఏ క్రిమైనా దొరుకుతుంది" అనే మాట మెషిన్ విషయంలో నిజం, మీరు పంపే ఆ 1 మిల్లీలీటరు నీటి విషయంలో కాదు. ఆ నీటిలో క్రిమి డీఎన్‌ఏ ఎంత, దాని పక్కన మనిషి డీఎన్‌ఏ ఎంత అన్నదాని మీదే అంతా ఉంది.

ముందు పేర్ల గందరగోళం ఒకటి తీర్చుకోండి, ఎందుకంటే ల్యాబ్ బిల్లు మీద అన్నింటినీ ఎన్‌జీఎస్ (నెక్స్ట్ జనరేషన్ సీక్వెన్సింగ్) అనే రాస్తారు. కోవిడ్ కాలంలో ఇన్సాకాగ్ ల్యాబులు (కోవిడ్ వైరస్ జీనోమ్ చదవడానికి ప్రభుత్వం కలిపిన ల్యాబుల బృందం) చేసింది రోగ నిర్ధారణ కాదు. ఆర్టీపీసీఆర్ పాజిటివ్ వచ్చిన నమూనాలో 29,903 అక్షరాల వైరస్ జీనోమ్‌ను (దాని జన్యు రాత మొత్తాన్ని) ముక్కలుగా పెంచి, అంటే కాపీలు చేసి, చదివి, ఏ వేరియంటో చెప్పారు. క్రిమి ఎవరో ముందే తెలుసు. 16ఎస్ సీక్వెన్సింగ్‌లో బ్యాక్టీరియా అన్నింటిలోనూ ఉండే సుమారు 1,500 అక్షరాల ఒక్క జీన్‌నే పెంచి చదువుతారు. గుండె వాల్వు ముక్క, కీలు చీము లాంటివాటికి చాలా మంచిది, చవక కూడా. కానీ వైరస్‌లూ ఫంగస్‌లూ అందులో కనబడవు, ఫంగస్‌కి ఐటీఎస్ అని వేరే చేయాలి. టార్గెటెడ్ సీక్వెన్సింగ్ అంటే ఫలానా క్రిమిలో ఫలానా జీన్లు మాత్రమే. మీ డాక్టర్‌గారు చెబుతున్న మెటాజీనోమిక్ మాత్రం నమూనాలో ఉన్నదంతా, మనిషిదీ క్రిమిదీ కలిపి, వేరుచేయకుండా చదవడం. ఆర్డర్ ఫారంలో టిక్కు దేనికి పెట్టారో మీ కళ్లతో చూడండి. వెన్ను నీటికి 16ఎస్ మాత్రమే వెళ్లి, వైరస్ లేదని అందరూ అనుకుని ఊరుకునే కేసులు ఉంటాయి.

ఇప్పుడు లెక్క. మనిషి కణం ఒక్కొక్కదానిలో సుమారు 640 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు. మైక్రోలీటరుకి 200 కణాలంటే నాన్నగారి నీటిలో మిల్లీలీటరుకి 2 లక్షల కణాలు. అదే మిల్లీలీటరులో మామూలు బ్యాక్టీరియా 1,000 ఉన్నాయనుకోండి, ఒక్కొక్కటి 50 లక్షల అక్షరాలు. మెషిన్ కోటి రీడ్స్ చదివితే అందులో బ్యాక్టీరియావి ఓ 39 వస్తాయి. ఫర్వాలేదు, దొరుకుతుంది. టీబీ అయితే? మెదడుపొర టీబీలో క్రిములు చాలా తక్కువ. మిల్లీలీటరుకి 100 అనుకుంటే, జీనోమ్ 44 లక్షల అక్షరాలు, కోటికి 3 రీడ్స్. అది కూడా టీబీ క్రిమి గట్టి మైనపు గోడ పూర్తిగా పగిలితేనే. హెర్పిస్ వైరస్ 1,000 కాపీలు ఉన్నా దాని జీనోమ్ లక్షన్నర అక్షరాలే కాబట్టి కోటికి ఒక్క రీడ్. ఇది కాగితం మీద లెక్క, ల్యాబులో అటూ ఇటూ అవుతుంది, కానీ ఎక్కడ ఇబ్బందో తెలుస్తుంది. హెర్పిస్‌కి పీసీఆర్ (ఆ ఒక్క క్రిమి జీన్‌నే వెతికే పరీక్ష) చేస్తే కొన్ని గంటల్లో, కొన్ని వందల కాపీల దగ్గరే పట్టేస్తుంది. టీబీకి ఎక్స్‌పర్ట్ అల్ట్రా అనే పీసీఆర్ టెస్టు కఫంలో మిల్లీలీటరుకి 16 క్రిముల దాకా పట్టగలదని కొలిచారు. ఒక్కో క్రిమిలో చాలా కాపీలు ఉండే జీన్లను వెతుకుతుంది కాబట్టి దానికా బలం.

ఇంకో సంగతి. నీటిలో కణాలు ఎక్కువ ఉంటే క్రిమి బాగా దొరుకుతుందని ఇంట్లోవాళ్లే కాదు, కొందరు డాక్టర్లూ అనుకుంటారు. సీక్వెన్సింగ్‌లో అది తలకిందులు. కణాలు 2,000 ఉంటే పై లెక్కలన్నీ పదో వంతుకి పడిపోతాయి. దీనికి విరుగుడుగా కొన్ని ల్యాబులు ముందే సపోనిన్ అనే రసాయనంతో మనిషి కణాలను పగలగొట్టి, బయటపడ్డ డీఎన్‌ఏని ఎంజైమ్‌తో కరిగించేస్తాయి. బ్యాక్టీరియాకి బాగానే పనిచేస్తుంది. కానీ అప్పటికే యాంటీబయాటిక్ దెబ్బకి పగిలిన క్రిముల డీఎన్‌ఏ కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. మీ నాన్నగారికి సెఫ్ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తుంటే అది ఎన్నో రోజు నడుస్తోందో ఫారంలో రాయించండి. ఏ పద్ధతిలో చేయాలో ల్యాబు దాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

కొన్ని జబ్బుల్లో రోగి ఆస్పత్రికి వచ్చేసరికి క్రిమి నీటిలోంచి వెళ్లిపోయి ఉంటుంది, యాంటీబాడీలే మిగులుతాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్, డెంగ్యూ ఇలాంటివే. 2019లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో 204 మంది రోగుల్లో 58 ఇన్ఫెక్షన్లు తేలితే, సీక్వెన్సింగ్ మాత్రమే పట్టినవి 13. సీక్వెన్సింగ్ వదిలేసినవి 26, వాటిలో 11 సీరాలజీతో (యాంటీబాడీల పరీక్ష) మాత్రమే తెలిసినవి. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌ఫ్రాన్సిస్కో ల్యాబు ఏడేళ్లలో చేసిన 4,828 వెన్ను నీటి నమూనాల లెక్క 2024లో వచ్చింది: పాజిటివ్ 14.4 శాతం, ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో పట్టినది 63.1 శాతం, లేనివాళ్లకి లేదని చెప్పడంలో 99.6 శాతం. బాగా నడిచే ల్యాబులోనే ఉన్న ఇన్ఫెక్షన్లలో మూడో వంతుకి పైగా చేజారుతున్నాయి.

అందుకని నాన్నగారి విషయంలో సీక్వెన్సింగ్ రిపోర్టు కోసం చూస్తూ కూర్చోకుండా ఈ రోజే అడగవలసినవి కొన్ని ఉన్నాయి. షుగర్ 34 అన్నారు. అదే సమయంలో రక్తంలో షుగర్ ఎంతుందో చూడండి. రక్తంలో 75 ఉంటే ఒక అర్థం, 180 ఉంటే మరో అర్థం. వెన్ను నీటిలో షుగర్ రక్తంలోదానికి సగం కన్నా ఎంత తగ్గితే టీబీ, ఫంగస్ వైపు అనుమానం అంత పెరుగుతుంది. లింఫోసైట్లు, ప్రోటీన్ 160, మూడు వారాల జ్వరం, వీటన్నింటితో నా మొదటి అనుమానం టీబీయే. టీబీ పరీక్షకి పదిచుక్కల నీరు చాలదు. కనీసం 6 మిల్లీలీటర్లు పంపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదానితో అల్ట్రా, మిగతాదాంతో లిక్విడ్ కల్చర్ చేయాలి. మొదటిసారి 1 మిల్లీలీటరుతో చేసిన అల్ట్రా నెగటివ్‌ని లెక్కలోకి తీసుకోకండి. పెద్దవాళ్లలో రోజుకి సుమారు అర లీటరు వెన్ను నీరు కొత్తగా ఊరుతుంది, కాబట్టి స్కాన్ చూసి ఒత్తిడి ఇబ్బంది లేదని డాక్టర్ నిర్ధారించుకున్నాక 10 మిల్లీలీటర్లు తీయడం మామూలే. తీస్తే పక్షవాతం వస్తుందని ఊళ్లో ఎవరో భయపెడతారు, పట్టించుకోవద్దు.

క్రిప్టోకాకల్ యాంటిజెన్ (మెదడుపొరకి సోకే ఒక ఫంగస్‌కి) పది నిమిషాల స్ట్రిప్పు టెస్టు, హెచ్‌ఐవీ ఉన్నా లేకున్నా చేయించాలి. హెర్పిస్ పీసీఆర్ సరేసరి. మదనపల్లె వైపు పల్లె, పొలం పని అంటున్నారు కాబట్టి స్క్రబ్ టైఫస్ (పొదల్లో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) మర్చిపోవద్దు. చంకలు, గజ్జలు, నడుము పట్టీ కింద, ఆడవాళ్లకైతే రొమ్ముల కింద, సిగరెట్‌తో కాల్చినట్టుండే నల్లటి పక్కు కోసం బట్టలు తీయించి వెతకాలి. నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు. దొరికితే ఆ పక్కు ముక్కకి చేసే పీసీఆర్ వెన్ను నీటి సీక్వెన్సింగ్ కన్నా ఎన్నో రెట్లు నయం, ఎందుకంటే క్రిమి నీటిలో చాలా తక్కువ, అక్కడ ఎక్కువ. రక్తంలో ఐజీఎం ఎలైజా (యాంటీబాడీల పరీక్ష) ఎలాగూ చేస్తారు. స్క్రబ్ అనుమానం గట్టిగా ఉంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రిపోర్టు రాకముందే మొదలుపెడతారు. గొర్రెలు ఉన్నాయి కాబట్టి బ్రూసెల్లా (పశువుల నుంచి సోకే బ్యాక్టీరియా) అగ్లుటినేషన్ రక్త పరీక్ష కూడా; ఆ అనుమానం కల్చర్ ల్యాబుకి ముందే చెప్పాలి, వాళ్ల భద్రతకీ, ప్లేట్లు ఎక్కువ రోజులు ఉంచడానికీ. టీబీ మందుల విషయంలోనూ డాక్టర్ మొదలుపెడదామంటే సీక్వెన్సింగ్ వచ్చేదాకా ఆగమనకండి. మెదడుపొర టీబీలో ఆలస్యమైన ప్రతి రోజుకీ ఖరీదు ఉంటుంది.

ఇన్ని చేశాక కూడా సీక్వెన్సింగ్ పంపాలా? నా ఉద్దేశంలో పంపాలి, కానీ ఇప్పుడే నమూనా పక్కన పెట్టించి, పై టెస్టులు ఒకటి రెండు రోజుల్లో తేలకపోతే పంపాలి. తర్వాత కొత్తగా తీసిన నీటికన్నా మొదటి రోజు తీసినదే విలువైనది, మందులు అప్పటికి ఇంకా పనిచేయలేదు కాబట్టి. ఆ మొదటి రోజు నీరు ల్యాబులో ఏ ఫ్రిజ్‌లోనైనా మిగిలి ఉందేమో ఇవాళే అడగండి. మామూలుగా కొద్ది రోజుల్లో పారేస్తారు.

నమూనా తీయడంలోనే సగం కేసులు చెడతాయి. సూదిలోంచి వచ్చే మొదటి చుక్కల్లో చర్మం మీది బ్యాక్టీరియా, కొద్దిగా రక్తం కలిసి వస్తాయి. సీక్వెన్సింగ్‌కి మూడో ట్యూబో నాలుగోదో ఇవ్వాలి. స్టెరైల్ క్రయోవయల్‌లో (గడ్డకట్టించడానికి వాడే చిన్న మూత సీసా), ఏ మందూ కలపకుండా, 1 మిల్లీలీటరు చొప్పున రెండు. ఒకటి పంపడానికి, ఒకటి దాచడానికి. చాలా వైరస్‌ల జీనోమ్ ఆర్‌ఎన్‌ఏ కాబట్టి ఫ్రిజ్ చల్లదనం చాలదు. మైనస్ 80 ఉన్నచోట పెట్టి, డ్రై ఐస్‌లో పంపాలి. వార్డులో మంచు కట్టకుండా తనంతట తానే కరిగించుకునే ఫ్రీజర్లు ఉంటాయి, వాటిలో పెడితే నమూనా రోజూ కాస్త వేడెక్కి మళ్లీ గడ్డకడుతుంది, ఆర్‌ఎన్‌ఏ పోతుంది. శనివారం సాయంత్రం నీరు తీసి సోమవారం కొరియర్ వచ్చేదాకా ట్రేలో ఉంచడం అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు. బెంగళూరులో కలెక్షన్ సెంటర్ ఉన్నా మెషిన్ వేరే ఊళ్లో ఉండవచ్చు. ఎక్కడ ప్రాసెస్ చేస్తారో, ఆ పెట్టె అక్కడికి ఏ రోజు చేరుతుందో అడగండి. రక్తం కూడా పంపమంటే ఈడీటీఏ ట్యూబు వాడాలి, హెపారిన్ కాదు, అది పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. మెదడు, లింఫ్ గ్రంథి ముక్క తీస్తే దాన్ని రెండుగా కోసి ఒకటే ఫార్మలిన్‌లో వేయాలి. మొత్తం వేస్తే పాథాలజీకి పనికొస్తుంది, డీఎన్‌ఏ మాత్రం తునాతునకలవుతుంది.

ల్యాబుని అడగవలసిన ప్రశ్నలు ఎక్కువ లేవు. డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ చేస్తారా? డీఎన్‌ఏ మాత్రమే చేస్తే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, ఎంటెరోవైరస్, రేబిస్ ఏవీ కనబడవు. టీబీ, ఫంగస్ గోడలు పగలడానికి పూసలతో కొట్టే పద్ధతి వాడతారా? ఒక నమూనాకి కనీసం ఎన్ని రీడ్స్ హామీ? కోటికి తక్కువైతే పై లెక్క గుర్తుచేసుకోండి. ప్రతి రన్‌లో (మెషిన్‌ని ఒకసారి నడపడం) ఖాళీ నీటి కంట్రోల్ (రోగి నమూనా లేని ఉత్త నీరు) పెట్టి, దాని ఫలితం రిపోర్టులో చూపిస్తారా? ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ల్యాబుకి ఉందంటే చాలదు, ఈ టెస్టు ఆ గుర్తింపు పరిధిలో ఉందా లేదా అన్నది వేరే సంగతి. మనిషి డీఎన్‌ఏ రీడ్స్‌ని చెరిపేస్తారా, దాస్తారా అన్నది కన్సెంట్ ఫారంలో రాసి ఉండాలి.

రిపోర్టు వచ్చాక చదవడం ఎలా? ఉదాహరణకి ఇలా వచ్చిందనుకోండి: క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ 212 రీడ్స్, రాల్‌స్టోనియా 96, టార్క్ టెనో వైరస్ 40, మైకోబ్యాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్ కాంప్లెక్స్ 3. ఇంట్లోవాళ్ల చూపు 212 మీద పడుతుంది. అది చర్మం మీద ఉండే బ్యాక్టీరియా, సూదితో వచ్చింది. తలలో షంట్ గొట్టం (మెదడులో చేరే నీటిని దింపేది) ఉన్నవాళ్లకైతే దాన్ని ఊరికే కొట్టిపారేయకూడదు, నాన్నగారికి లేదు కాబట్టి వదిలేయవచ్చు. రాల్‌స్టోనియా నీటిలోనూ, డీఎన్‌ఏ తీసే కిట్లలోనూ ఉంటుంది. బ్రాడీరైజోబియం, స్ఫింగోమోనాస్ కూడా ఆ బాపతే. ఖాళీ కంట్రోల్‌లో కూడా అవే కనిపిస్తే సందేహమే లేదు. మంచి ల్యాబులు బ్యాక్టీరియా విషయంలో నమూనాలో రీడ్స్ వాటా ఖాళీ కంట్రోల్‌లో ఉన్నదానికి 10 రెట్లయినా ఉంటేనే లెక్కలోకి తీసుకుంటాయి. వైరస్‌కైతే జీనోమ్‌లో వేరువేరు చోట్ల కనీసం 3 భాగాలు కనబడాలి, ఒకేచోట 50 రీడ్స్ పోగుపడితే అది తప్పుడు పోలిక కావచ్చు. టార్క్ టెనో వైరస్ ఆరోగ్యవంతుల రక్తంలోనూ తిరుగుతుంటుంది.

మిగిలింది ఆ 3 రీడ్స్. డాక్టర్ చూడవలసింది అదే. టీబీ క్రిమి కిట్లలో ఉండేది కాదు, దాని గోడ పగలడం కష్టం, కాబట్టి 3 కూడా బరువైన సంఖ్యే. అయినా దాన్నే తీర్పుగా తీసుకోకూడదు. అదే రన్‌లో పక్కన బాగా టీబీ ఉన్న కఫం నమూనా చదివి ఉంటే, బార్‌కోడ్లు (ఏ రీడ్ ఎవరి నమూనాదో తెలియడానికి అతికించే గుర్తులు) తారుమారై దాని రీడ్స్ కొన్ని ఇటు రావచ్చు. ల్యాబుకి ఫోన్ చేసి అదే రన్‌లో టీబీ పాజిటివ్ ఇంకెవరైనా ఉన్నారా, జంట బార్‌కోడ్లు వాడారా అని డాక్టర్ అడగాలి. మిగిలిన అదే డీఎన్‌ఏలో టీబీ పీసీఆర్ చేయమనాలి. చాలా ల్యాబులు అడిగితేనే చేస్తాయి.

మందు పనిచేస్తుందా లేదా అన్నది 3 రీడ్స్‌తో తెలియదు. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి లొంగకపోవడం (రెసిస్టెన్స్) ఆర్‌పీఓబీ జీన్‌లో కొద్ది అక్షరాల మార్పు. 44 లక్షల అక్షరాల్లో 3 రీడ్స్ సరిగ్గా అక్కడే పడాలంటే అదృష్టం ఉండాలి. "రెసిస్టెన్స్ జీన్లు కనబడలేదు" అని రిపోర్టులో ఉంటే మందులు పనిచేస్తాయని చదువుకోవద్దు. చూడటానికి సరిపడా రీడ్స్ లేవని అర్థం. రెసిస్టెన్స్‌కి మంచి దారి కల్చర్‌లో పెరిగిన క్రిమి మీద గానీ, క్రిములు బాగా ఉన్న కఫం మీద గానీ చేసే టార్గెటెడ్ సీక్వెన్సింగ్. టీబీలో దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది, ఏ జీన్‌లో ఏ మార్పుకి ఏ మందు పోతుందో పట్టిక కూడా 2021లో ఒకసారి, 2023లో మరోసారి విడుదల చేసింది. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్‌కి క్యాట్‌జీ జీన్‌లో, ఫ్లోరోక్వినలోన్లకి జైర్‌ఏ జీన్‌లో మార్పులు ఇందులో నమ్మకంగా చదవగలిగినవి. బెడాక్విలిన్ మీద తీర్పు ఇంకా అంత గట్టిది కాదు. వెన్ను నీటి కల్చర్ వారాల తర్వాత పెరిగినా దాన్ని పారేయనివ్వకుండా ఈ పనికి పంపించమనండి. చెన్నై చెట్‌పేట్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ రీసెర్చ్ ఇన్ ట్యూబర్‌క్యులోసిస్, బెంగళూరులోని నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ రెండూ ప్రభుత్వ రెఫరెన్స్ ల్యాబులు, దారి టీబీ కార్యక్రమం ద్వారా ఉంటుంది. టీబీ అని తేలాక ఎలాగూ నిక్షయ్‌లో (ప్రభుత్వ టీబీ పోర్టల్) నమోదు చేయాలి కాబట్టి మీ జిల్లా టీబీ ఆఫీసుతోనే మాట్లాడించండి.

సీక్వెన్సింగ్ నెగటివ్ వస్తే? టీబీ మందులకి నాన్నగారు కోలుకుంటున్నారంటే ఆ కాగితం చూసి మందులు ఆపకూడదు. కోలుకోకపోతే, వారం తర్వాత మళ్లీ ఎక్కువ నీరు తీసి అల్ట్రా, కల్చర్ చేయాలి, ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ (ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు మీద పడి వచ్చే వాపు) యాంటీబాడీల పరీక్షకి పంపాలి, ఛాతీ పొట్ట స్కాన్‌లో ఎక్కడైనా గ్రంథి కనిపిస్తే దాన్నుంచి ముక్క తీయాలి. జబ్బు ఎక్కడ ఎక్కువుందో అక్కడి నమూనాలోనే క్రిమి దొరుకుతుంది, మెషిన్ ఎంత ఖరీదైనదైనా సరే. మొదటి రెండు వయల్స్‌లో దాచిన రెండోది అప్పుడు అక్కరకొస్తుంది. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు అది ఏ ల్యాబులో, ఏ నంబరుతో, ఎన్ని నెలలు ఉంచుతారో సమ్మరీలో రాయించుకోండి.